తిరుపతిలో అందరూ తీసిన ఫోటోలు కాక ఇంకేం తీయొచ్చు? దర్శనానికి ముందు, దర్శనం తర్వాత

మీ ప్రశ్న క్లుప్తంగా: డిసెంబరు మూడో వారంలో అమ్మానాన్నలతో మూడు రోజులు తిరుపతికి వస్తున్నారు. ఫోటోలు తీయడం ఇష్టం. కానీ ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా అదే గోపురం, అదే కొండ, అదే గరుడ విగ్రహం. గుళ్ళోకి కెమెరా ఎలాగూ రానివ్వరు. ఇంత జనం వచ్చే ఊళ్ళో కొత్తగా తీయాలనే ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ లెన్సు తెచ్చుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. దర్శనాన్ని ఎవరూ ఫోటో తీయలేరు. కాబట్టి దర్శనానికి వెళ్ళబోతున్న మనిషిని తీయండి, దర్శనం చేసుకుని వచ్చిన మనిషిని తీయండి. తిరుపతి ఊరంతా ఆ రెండింటి మధ్యే నడుస్తుంది. గోపురం ఫోటోలు వేలల్లో ఉన్నాయి కానీ ఈ రెండు రకాల ముఖాల మీద మనసుపెట్టి తీసిన ఫోటోలు చాలా తక్కువ. మూడు రోజులకు ఇది సరిపోతుంది. నిజానికి మూడేళ్ళకు కూడా సరిపోతుంది.

నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. పెళ్ళిళ్ళ ఫోటోగ్రఫీ నా జీవనం. ముహూర్తాలు లేని రోజుల్లో తెల్లవారుజామున కెమెరా తీసుకుని గోవిందరాజస్వామి గుడి చుట్టూ, రైల్వే స్టేషన్ ముందు, అలిపిరి దగ్గర తిరగడం నాకు అలవాటు. ఈ ఊళ్ళో కొత్తదనం లేదని నాకెప్పుడూ అనిపించలేదు. ఎందుకో చెప్తాను.

కొండ మీదికి మామూలు రోజుల్లోనే అరవై, డెబ్భై వేల మంది వస్తారు. అందరూ ఒకే పని మీద వస్తారు. వేరే పర్యాటక ఊళ్ళలో జనం నానా చోట్లకు తిరుగుతారు, వాళ్ళ మనసులో ఏముందో బయటికి కనిపించదు. ఇక్కడ అలా కాదు. ఒక మనిషిని చూడగానే ఈయన ఇంకా పైకి వెళ్ళలేదు, ఈమె దిగి వచ్చేసింది అని చెప్పేయవచ్చు. గుండు, గుండు మీద పచ్చగా పూసిన చందనం, చేతిలో లడ్డూల సంచి, చెదిరిన నామం, ఉబ్బిన పాదాలు, బస్సు కిటికీకి ఆనించిన తల, ఇవన్నీ 'తర్వాత'. నూనె రాసి దువ్విన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని చీర, పదేపదే తెరిచి చూసుకునే టికెట్టు కాగితం, పిల్లల్ని లెక్కపెట్టుకునే తల్లి, ఇవన్నీ 'ముందు'. కథ మనిషి ఒంటి మీదే రాసి ఉంటుంది. దాన్ని చదివే ఓపిక ఉంటే చాలు.

ఒక వివరం చెప్తాను, బయటివాళ్ళు చాలామంది గమనించరు. కొండ మీద పూచే పూలన్నీ స్వామివేనని, భక్తులు తలలో పూలు పెట్టుకోకూడదని తిరుమల ఆచారం. అందుకని కొండెక్కే ముందు ఆడవాళ్ళు తలలో పూలు తీసేస్తారు. అలిపిరిలో మెట్ల దగ్గర కాసేపు నిలబడితే మీకు కనిపిస్తుంది. ఒక అవ్వ మనవరాలి జడలోంచి చామంతులు మెల్లగా తీస్తుంటుంది. ఆ పిల్ల ఇవ్వనంటుంది. కొందరు తీసిన పూలను అక్కడే ఓ చెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. నాకు ఆ చేతులు, ఆ జడ, ఆ చెట్టు మొదలు చాలు. వెనక గోపురం కూడా ఉండాలనే పట్టుదల అక్కర్లేదు.

ఇంకొకటి, నేను నిజంగా చేసి చూసింది. ఒక కుటుంబం మూడేళ్ళ బాబుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చారు. బాబుకు భుజాల దాకా ఉంగరాల జుట్టు. బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు తండ్రి వేళ్ళతో ఆ జుట్టు సర్దుతూనే ఉన్నాడు. అడిగి ఒక ఫోటో తీసుకున్నాను. ఎప్పుడు దిగుతారని అడిగితే, రేపు సాయంత్రం రైలని చెప్పారు. మర్నాడు సాయంత్రం వాళ్ళు దిగే వేళకు మళ్ళీ అదే బెంచీ దగ్గరికి వెళ్ళాను. అదే బెంచీ, అదే తండ్రి, అదే వరస. బాబు గుండుతో చందనం పూసుకుని తండ్రి ఒళ్ళో నిద్రపోతున్నాడు. తండ్రి చేయి మాత్రం అలవాటుగా ఆ గుండు మీదే తిరుగుతోంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఏ వివరణా అక్కర్లేదు. రెండూ ప్రింటు తీసి వాళ్ళకు పోస్టులో పంపాను. మీకు మూడు రోజులున్నాయి కాబట్టి ఇలాంటి జంట ఫోటోలు తీయడం మీ వల్ల అవుతుంది. అసలు మీ అమ్మానాన్నలతోనే మొదలుపెట్టండి. కొండెక్కే రోజు తెల్లవారి, బస చేసిన గది గుమ్మంలో ఒకటి. దిగి వచ్చాక అదే గుమ్మంలో, అదే ఎత్తులో ఇంకొకటి. నవ్వమని చెప్పకండి.

అందరూ తీసే ఫోటోలు మీరూ తీసేయండి, కానీ మొదటి పూటే. గరుడ విగ్రహం, గోవిందరాజస్వామి గుడి గోపురం, కపిలతీర్థం జలపాతం, మీరు ఆన్‌లైన్‌లో చూసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసేయండి. వాటిని తీయకూడదని పట్టుబడితే మనసు వాటి చుట్టూనే తిరుగుతుంది. తీసేస్తే ఆ బరువు దిగిపోతుంది. కొత్త ఊళ్ళో ఏమీ తోచకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా అనుభవం. చూడక ముందే తలలో బొమ్మలు నిండిపోయి ఉంటాయి. కళ్ళు వాటితో పోల్చుకుంటూ పోతాయి కానీ, ఎదురుగా ఉన్నదాన్ని చూడవు.

ఆ తర్వాత ఒక చోటు ఎంచుకుని కదలకుండా ఉండండి. ఇది చెప్పినంత తేలిక కాదు. పావుగంటకే ఇక్కడేం లేదు, పక్క వీధికి పోదాం అనిపిస్తుంది. పోకండి. జనం మీకు అలవాటు పడటానికి, మీకు ఆ చోటి లయ తెలియడానికి గంటైనా పడుతుంది. నేను నమ్మకంగా చెప్పగల చోట్లు మూడు.

మొదటిది రైల్వే స్టేషన్ ఎదురుగా, దేవస్థానం వసతి భవనం విష్ణునివాసం వైపు. తెల్లవారుజామున రైళ్ళు దిగిన జనం, ఊరికి తిరిగి వెళ్ళే జనం ఇక్కడ ఎదురెదురుగా కలుస్తారు. ముందు, తర్వాత రెండూ ఒకే ఫ్రేములో దొరికే చోటు ఇదే. కొండకి, కొండకి అని పిలిచే జీపు డ్రైవర్లు, ఇడ్లీ బండి ఆవిరి, సూట్‌కేసు మీద కూర్చుని టీ తాగే తాతలు. పెద్ద కెమెరాతో ప్లాట్‌ఫారం మీదికి మాత్రం వెళ్ళకండి, రైల్వే పోలీసులు అభ్యంతరం చెప్తారు. బయట ఆవరణలోనే కావలసినంత ఉంది.

రెండోది అలిపిరి. కాలినడక మార్గం సుమారు 9 కిలోమీటర్లు, మూడున్నర వేలకు పైగా మెట్లు. మీరు పైదాకా నడవకపోయినా మొదటి వంద మెట్ల దగ్గర ఉండండి. మొక్కుకున్న ఆడవాళ్ళు ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. అలా మూడున్నర వేల మెట్లకూ వంగాలి. నిలబడి పైనుంచి తీస్తే ఆ కష్టం కనిపించదు. మీరూ కింది మెట్టు మీద కూర్చోండి. వాళ్ళ చేతి వేళ్ళు పసుపుతో ఎలా మారిపోయాయో, మెట్టు మీద పాత బొట్ల మీద కొత్త బొట్టు ఎలా పడుతోందో అప్పుడు కనిపిస్తుంది. నడిచేవాళ్ళ సామాన్లను దేవస్థానం వాళ్ళు కిందే తీసుకుని పైకి చేరుస్తారు. ఆ కౌంటర్ దగ్గర సంచి అప్పజెప్పి ఖాళీ చేతులతో తిరిగే క్షణంలో మనిషి నడక మారిపోతుంది. అదీ చూడదగ్గదే.

మూడోది గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధులు, వాటిలోంచి చీలిన సందులు. మీకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మీరొచ్చే వారం ధనుర్మాసం మొదలవుతుంది. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెల ఇది. కింద ఊళ్ళో తెల్లవారకముందే ఇళ్ళ ముందు కల్లాపి చల్లి పెద్ద పెద్ద ముగ్గులు వేస్తారు. ముందు వీధుల్లో యాత్రికులు, లోపలి సందుల్లో ఊరివాళ్ళు. ఒక అమ్మాయి వంగి ముగ్గు వేస్తుంటే పక్కనుంచి గుండ్లు చేయించుకున్న కుటుంబం ముగ్గు తొక్కకుండా గోడకు ఆనుకుని వెళ్ళే దృశ్యం ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది? యాత్రికుల ఊరు, మా ఊరు రెండూ ఒకే సందులో ఇరుక్కుని ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి చూపించే ఫోటో అంటే నాకు ప్రాణం.

ఇక పనివాళ్ళు. నామాలు పెట్టేవాళ్ళనే తీసుకోండి. ఒక చేతిలో చిన్న పళ్ళెం, అందులో తెలుపు, ఎరుపు రంగులు, నామం దిద్దే చిన్న అచ్చు, ఇంకో చేతిలో అద్దం. నామం పెట్టగానే ఆ అద్దం చూపిస్తారు. ఆ అర నిమిషంలో ముఖం మారడం చూడాలి. అంతవరకూ బస్సు ఎక్కడ, గది ఎక్కడ అని చికాకుగా ఉన్న మనిషి అద్దంలో నామం చూసుకోగానే భక్తుడైపోతాడు. నేను ఒకాయన పక్కన చాలా పూటలు కూర్చుని, ఆయన పని కాకుండా, ఆ అద్దంలో కనిపించే ముఖాలనే తీశాను. ఆయన ముఖం ఒక్క ఫోటోలోనూ లేదు కానీ ఆ ఫోటోలన్నీ ఆయన గురించే. అడగకుండా తీసి ఉంటే అవి వచ్చేవి కావు.

అడగడం గురించి గట్టిగా చెప్పాలి. ఇక్కడికి వచ్చేవాళ్ళు సెలవు గడపడానికి వచ్చినవాళ్ళు కారు. మొక్కు తీర్చుకోవడానికి వస్తారు. ఆ మొక్కు వెనక ఒక జబ్బు ఉండవచ్చు, పిల్లలు లేని బాధ ఉండవచ్చు, కోర్టు కేసు ఉండవచ్చు. ఒంటరిగా నిద్రపోతున్నవాళ్ళ ముఖాలు, ఏడుస్తున్నవాళ్ళు, తడి బట్టలతో ఉన్న ఆడవాళ్ళు, వీళ్ళ జోలికి నేను వెళ్ళను, మీరూ వెళ్ళకండి. పిల్లల్ని తీసే ముందు పెద్దవాళ్ళను అడగండి. ఇక్కడ ముక్కూ మొహం తెలియని మగవాళ్ళను 'సామీ' అని పిలుస్తాం, ఆడవాళ్ళను 'అమ్మా' అంటాం. ఆ ఒక్క పిలుపుతో సగం పని అయిపోతుంది. తమిళనాడు నుంచి వచ్చేవాళ్ళు చాలా ఎక్కువ. 'ఒరు ఫోటో ఎడుక్కలామా' అని నేర్చుకుని రండి. ముందు తీసి తర్వాత అడిగే పద్ధతి కూడా ఉంది. సహజంగా రావాలంటే కొన్నిసార్లు అదే దారి. కానీ తీశాక స్క్రీన్ చూపించండి, వద్దంటే వాళ్ళ ఎదుటే డిలీట్ చేయండి. వాట్సాప్ నంబరు ఇస్తే ఆ రాత్రే పంపండి. మర్చిపోయే అవకాశం ఉంటే పంపుతానని మాటివ్వకండి.

నిబంధనల సంగతి. శ్రీవారి ఆలయంలోకి ఫోను కూడా రానివ్వరు, బయట కౌంటర్లో అప్పజెప్పాలి. డ్రోన్ అసలు తేవద్దు, కొండ మీద నిషేధం. ఆలయం ముందు రీల్స్ చేసినవాళ్ళ మీద కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. భద్రతా సిబ్బంది వద్దంటే వాదించకుండా కెమెరా సంచిలో పెట్టేయండి. కొండ మీద ఉన్న పూట కెమెరా గదిలోనే ఉంచి మామూలు భక్తుడిలా క్యూలో గడపమని నా సలహా. దర్శనం క్యూలో నిలబడనివాళ్ళకు దిగివచ్చేవాళ్ళ ముఖం అర్థం కాదు.

వెలుగు గురించి కొంచెం. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరం వైపు ఉంటాయి, అంటే మనకు కనిపించే ముఖం దక్షిణపు ముఖం. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఆ రాతి గోడ మీద రోజంతా వెలుగు పడుతుంది. పొద్దున్నే ఆ రాళ్ళు ఎర్రబారతాయి. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉండి కళ్ళ కింద నల్లని గుంటలు పడతాయి, ముఖాలు తీయలేం. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 53 డిగ్రీల ఎత్తు దాటడు. కాబట్టి వేసవిలో వచ్చేవాళ్ళలా పదింటికే కెమెరా దాచేయాల్సిన పని మీకు లేదు. పైగా ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి మబ్బు పట్టవచ్చు. మబ్బు పడితే బాధపడకండి. మెత్తటి వెలుగులో చందనం రంగు, పసుపు రంగు ఎంత బాగా వస్తాయో చూస్తారు. ఎండలో మాత్రం గుండు మీద వెలుగు పడి తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయండి.

మూడో రోజు ఖాళీ దొరికితే ఎక్కడికి అంటే, నా ఓటు శ్రీకాళహస్తికి, అదీ కలంకారి కోసం. గుడికి వెళ్ళి వచ్చేస్తారు జనం, అద్దకం పని చూడరు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి కలం చేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమితో గీత గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లగా మారుతుంది. పటిక పూసిన చోట ఎరుపు పడుతుంది. ప్రతి దశలోనూ ఉతుకుతారు. ఇక్కడ కూడా నేను చెప్పిన సూత్రమే: పూర్తయిన బొమ్మను కాదు, రంగు పడక ముందు, పడ్డాక గుడ్డను తీయండి. పని చేసేవాళ్ళను పలకరించి, ఒక చిన్న గుడ్డ కొని, ఆ తర్వాత కెమెరా తీస్తే మర్యాదగా ఉంటుంది.

అంత దూరం అమ్మానాన్నలకు కష్టమైతే చంద్రగిరి దగ్గరే. అక్కడి కోటలోని రాజమహల్ కట్టడంలో కలప వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. కమానుల లోపలి నీడలు బాగుంటాయి. అయితే అది కోట ఫోటోల వ్యవహారం. మీరు అడిగిన ఉత్సాహానికి దానికంటే రైల్వే స్టేషన్ ముందు ఇంకో పూట కూర్చోవడమే మేలని నా అభిప్రాయం.

మళ్ళీ రావాలనిపిస్తే మే నెలలో గంగమ్మ జాతరకు రండి. ఒక్కో రోజు ఒక్కో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. మగవాళ్ళు చీరలు కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఊరేగింపు అందరూ తీస్తారు. ఎవరైనా పరిచయమై ఇంటికి రానిస్తే, అక్క పక్కన కూర్చుని తమ్ముడికి కాటుక పెట్టి చీర కుచ్చిళ్ళు సర్దే ఆ గంట తీయండి.

లెన్సు సంగతి చివరికి మిగిలింది. 35 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటి చాలు. చిన్న సెన్సార్ ఉండే క్రాప్ సెన్సార్ కెమెరా అయితే 23 లేదా 24. జూమ్ తెస్తే దూరం నుంచి దొంగతనంగా తీయాలనిపిస్తుంది, జనం కూడా అలాగే చూస్తారు. ఫోను మాత్రమే ఉన్నా ఇబ్బందేం లేదు, డిజిటల్ జూమ్ వాడకుండా దగ్గరికి నడవండి. తెల్లవారుజామున స్టేషన్ లైట్ల కింద ఐఎస్ఓ 3200 దాకా పెంచడానికి భయపడకండి, షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గనివ్వకండి. ట్రైపాడ్ వద్దు, ఆ జనంలో ఎవరైనా తట్టుకుని పడతారు. వాన కోసం ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి వస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది కాబట్టి కెమెరాను సంచిలోనే ఉంచి ఓ ఇరవై నిమిషాల తర్వాత తీయండి.

దర్శనం ఏ రోజు, ఏ వేళకో, బస ఎక్కడో కింద రాయండి. అమ్మానాన్నలు విశ్రాంతి తీసుకునే గంటల్లో మీకు ఏ చోటు అందుబాటులో ఉంటుందో చూసి, ఏది ముందు, ఏది తర్వాతో చెప్తాను.